కుబుసం గోల

నిద్ర పట్టనివ్వని వాక్యం ఇది: "ఒళ్లు పెరిగి చర్మం చాలక పాము కుబుసం విడుస్తుంది." చిన్నది హోంవర్కులో రాసుకుంది. కొట్టెయ్యమనలేను, మార్కులు పోతాయి. ఒప్పుకోనూ లేను.

ఎదుగుదల దాదాపు ఆగిన ముసలి పాము కూడా ఏడాదికి కొన్నిసార్లు విడుస్తుంది. గాయమైతే ఇంకా త్వరగా. పై పొర అరుగుతుంది, దాన్ని మార్చుకోక తప్పదు. అడుగున కొత్త పొర తయారయ్యాక రెంటి మధ్యా ద్రవం చేరుతుంది. అప్పుడు కళ్లు పాలనీలంగా మసకబారతాయి. పాముకి రెప్పల్లేవు, కంటిమీద ఉండేది పారదర్శకమైన పొలుసు, అదీ ఊడాల్సిందే. కళ్లు తేటపడ్డ కొద్ది రోజులకు మూతిని రాయికో మోడుకో రుద్దుతుంది. పెదవుల దగ్గర పొర చిట్లి, మేజోడు తిరగేసినట్టు వెనక్కి ఒలుచుకుంటుంది. పొలుసుల మధ్య మడతలు సాగడంతో కుబుసం పాముకన్నా పొడుగే ఉంటుంది. దాన్ని కొలిచి "ఇంత పాము!" అని బెదరగొట్టేవాళ్లను నమ్మక్కర్లేదు.

గాలిలో తేమ చాలకపోతే ముక్కలుగా ఊడుతుంది. తోక కొసన మిగిలిన పట్టీ బిగుసుకుంటే రక్తం ఆడక ఆ కొస చచ్చుబడుతుంది. నాకు ఒళ్లు మండేది పాముల పెంపకందార్ల తొందర చూస్తేనే. కంటి పొర ఊడలేదని గోటితో గీకుతారు. అడుగున లేత పొర దెబ్బతింటే కన్నే పోవచ్చు. తడి నాచు పరిచిన డబ్బాలో కాసేపు ఉంచి తేమ పెంచాలి, అప్పటికీ రాకపోతే పశువైద్యుడికి చూపించాలి. చేతులు కట్టుకు కూర్చోవడం ఎంత కష్టమో వీళ్లకి!

అయినా, ఆ వాక్యం మరీ అబద్ధమా? పిల్ల పాములు వారాల తేడాలో విడుస్తాయి, పెద్దవి నెలల తేడాలో. ఎదుగుదల పాత్ర లేదని ఎలా అంటాం? ఇక పీతల విషయంలో అయితే అక్షరాలా నిజం. వాటి గుల్ల సాగదు. విడిచేముందు పీత అందులోంచి కొంత కాల్షియం వెనక్కి లాక్కుంటుంది. గుల్ల వెనకవైపు విచ్చుకుంటే పీత వెనక్కి జరుగుతూ బయటపడుతుంది. డెక్కల్లోని కండ ముందే కుంచించుకుంటే తప్ప ఆ సన్నని కీళ్లలోంచి రాదు. ఇరుక్కుంటే కాలు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే. రాగానే నీళ్లు పట్టించి ఒళ్లు ఉబ్బిస్తుంది, కొత్త గుల్ల ఆ పెద్ద కొలతకే గట్టిపడుతుంది. కండ తర్వాత మెల్లగా నిండుతుంది. అందాకా మెత్తని పీత నక్కి ఉండాల్సిందే.

తెల్ల బొద్దింకని చూసి వింతజాతి అనుకోకండి. అప్పుడే పెంకు విడిచింది, గంటల్లో గోధుమరంగుకి తిరుగుతుంది. పూర్తిగా ఎదిగాక మాత్రం ఇక విడవదు, ఆ సైజుకే ఖాయం.