నెమలికంఠం రంగు కోసం ఒక రోజంతా

ఆదివారం, రాత్రి

పొద్దున్నే ఫోన్ చేతిలోకి తీసుకోగానే ఒక మెసేజ్. "అక్కా, మీ వీడియోలో నీలంగా కనిపిస్తే ఆ గౌను తెప్పించుకున్నాను. వచ్చాక చూస్తే పచ్చగా ఉంది. నా దగ్గరున్న నీలం కోటుకి జతగా ఉంటుందనుకున్నాను." అంతే రాసింది. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది.

లేచి బీరువాలోంచి ఆ శాటిన్ గౌను తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను. అది నీలమూ కాదు, పచ్చా కాదు. అచ్చం నెమలికంఠం రంగు. మడత పైకి లేచి వెలుగు తగిలినచోట పచ్చగా, మడత లోపలి నీడలో నీలంగా కనిపిస్తుంది. చేత్తో కాస్త కదిపితే పచ్చ నీలంలోకి జారిపోతుంది. ఆ జారడం కోసమే కదా ఈ గౌను మీద మనసు పడ్డాను! పక్కనే ఫోన్‌లో పాత వీడియో పెట్టి చూశాను. అందులో ఉన్నది ఉత్త నీలం. అది కూడా మొదట్లో ఒక నీలం, నేను కెమెరా వైపు నడిచి వచ్చేసరికి ఇంకో నీలం.

ఆ వీడియో బాగా వచ్చిందని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. 4కెలో తీశాను, ట్రైపాడ్ కదల్లేదు, ఫోకస్ ఎక్కడా తప్పలేదు. కానీ బట్టల వీడియోలో బట్ట రంగే తప్పితే మిగతావన్నీ ఉండి ఏం లాభం? చూసేవాళ్ళు ఆ బట్టని చేత్తో ముట్టుకోలేరు. వాళ్ళకున్నదల్లా నేను చూపించే బొమ్మే.

చెల్లిని లేపాను. "ఇవాళ మూడు వీడియోలు మళ్ళీ తీద్దాం, నువ్వు వేసుకో, నేను కెమెరా చూసుకుంటాను" అన్నాను. "ఆదివారం కూడానా అక్కా" అంటూనే లేచింది. నేనే వేసుకుని నేనే తీసుకుంటే ఫ్రేమ్‌లో ఏం జరుగుతోందో చూసుకునే వీలుండదు. ఇవాళ కళ్ళు పూర్తిగా స్క్రీన్ మీదే పెట్టాలనుకున్నాను.

ముందు గౌను. తప్పెక్కడ జరిగిందో తెలుసుకోడానికి పోయినసారి ఎలా తీశానో అచ్చం అలాగే మళ్ళీ పెట్టి చూశాను. ఎడమవైపు కిటికీ, నెత్తిమీద పసుపు బల్బు. అక్కడే దొరికింది. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెప్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ. పగటి వెలుగు రంగు 5,500 కెల్విన్ ప్రాంతంలో ఉంటుంది, పసుపు బల్బుది 2,700 నుంచి 3,000 దాకా. రెండూ కలిసి ఒకే గదిలో ఉంటే కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్‌కి, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని తనంతట తానే సర్దే ఏర్పాటుకి, ఎవరి మాట వినాలో తెలియదు. బల్బు పసుపుని సరిచేయబోయి ఫ్రేమ్ మొత్తానికి నీలం కలిపింది. కిటికీ వెలుగులో నిలబడ్డ గౌనుకి ఆ నీలం అక్కర్లేదు. అక్కర్లేనిది వచ్చి మీద పడింది. నడిచి ముందుకొచ్చినప్పుడు ఫ్రేమ్‌లో బల్బు వాటా మారింది, దాంతో కెమెరా కూడా మధ్యలో మనసు మార్చుకుంది.

బల్బు ఆర్పేశాను. గదిలో ఉన్న లైట్లన్నీ ఆర్పేసి ఒక్క కిటికీనే ఉంచాను. చెల్లి మొహం పక్కన తెల్ల కాగితం పట్టుకుంటే, ఫోన్‌ కెమెరాలో అన్నీ చేత్తో సర్దుకునే ప్రో మోడ్ తెరిచి, ఆ కాగితం తెల్లగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ జరిపి అక్కడే ఆపేశాను. ఇక ఆటోకి వదల్లేదు. అయినా గౌను కింది అంచు దగ్గర సన్నగా ఎర్రజీర కనిపించింది. ఎంతసేపు చూసినా అర్థం కాలేదు. చివరికి చెల్లే కనిపెట్టింది. కుర్చీ మీద ఎర్ర దుప్పటి ఉంది. శాటిన్ ఇంచుమించు అద్దంలాంటిది, పక్కన ఏ రంగుంటే అది పట్టేస్తుంది. దుప్పటి తీసి తెల్లది వేయగానే జీర మాయమైంది.

తర్వాత వెలుగు ఎటు నుంచి రావాలన్న సంగతి. రింగ్ లైట్ ఎదురుగా పెట్టి తీయడం నాకు అలవాటు. మొహానికి బాగుంటుంది, నీడలు పడవు. కానీ బట్టకి నీడలే ప్రాణం. ఎదురుగా లైటు పడితే మడతలన్నీ చదునైపోయి, నడుము దగ్గర గుండ్రటి తెల్లమచ్చ మిగిలింది. అదే కిటికీ పక్కన నిలబెట్టి, పల్చటి తెల్ల కర్టెన్ అడ్డం వేసేసరికి ఒక్కో మడత విడిగా లేచి కనిపించింది. నడుము దగ్గర కుట్టు లాగిపట్టినచోట పుట్టిన చిన్న చిన్న ముడతలు కూడా. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1950లో పారిస్‌లో వోగ్ ఫ్యాషన్ పత్రిక కోసం దుస్తుల ఫోటోలు తీసినప్పుడు పై అంతస్తులో ఉన్న స్టూడియోలో ఉత్తరం వైపు నుంచి వచ్చే పగటి వెలుగునే వాడుకున్నాడు, వెనక ఒక పాత థియేటర్ కర్టెన్ వేలాడదీశాడు. అక్కడ ఉత్తరం కిటికీలోంచి సూటి ఎండ పడదు, అందుకే వెలుగు మెత్తగా, నిలకడగా ఉంటుంది. ఆ ఫోటోల్లో కోటు బట్ట ఎంత మందమో కూడా తెలిసిపోతుంది. డెబ్భై ఏళ్ళు దాటినా వాటి ముందు నా రింగ్ లైట్ వీడియోలు పేలవంగా కనిపిస్తాయి. ఒక కిటికీ, ఒక కర్టెన్. అంతకంటే ఏం కావాలి అనిపించింది ఇవాళ.

గౌను కదలికకే ఎక్కువ టైమ్ పట్టింది. ముందు సెకనుకి 120 ఫ్రేమ్‌లతో తీశాను. దాన్ని 30 ఫ్రేమ్‌ల వీడియోలో పెడితే కదలిక నాలుగు రెట్లు నెమ్మదిస్తుంది. చెల్లి గిర్రున తిరిగితే గౌను గాల్లో తేలుతూ దిగింది. చూడ్డానికి చాలా అందంగా ఉంది. కానీ రెండోసారి చూస్తే మనసు ఒప్పలేదు. అంత నెమ్మదిగా చూపిస్తే బరువైన బట్టా తేలుతుంది, తేలికదీ తేలుతుంది. ఈ శాటిన్ కొంచెం బరువే. తిరగడం ఆపగానే కాళ్ళ చుట్టూ ఒక్క చుట్టు చుట్టుకుని తప్పున కిందికి వాలుతుంది. ఆ వాలడంలోనే దాని బరువు తెలుస్తుంది, స్లో మోషన్‌లో అదే పోతుంది. అందుకని మామూలు వేగంతోనే తీసి, 1/60 షటర్ పెట్టాను, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి సెకనులో అరవయ్యో వంతు సేపు వెలుగు పడుతుంది. తిరిగేటప్పుడు అంచు కొద్దిగా అలికినట్టు వచ్చింది. కంటికి కనిపించేదీ అలాగే కదా. స్లో మోషన్ ముక్క ఒక్కటే, చివర రెండు సెకన్లు ఉంచాను.

చెల్లి పదమూడోసారి తిరిగాక "కళ్ళు తిరుగుతున్నాయి, కాసేపు కూర్చుంటాను" అంది. పాపం, అప్పటిదాకా నేను లెక్కే చూసుకోలేదు.

ఆ విరామంలో ఇంకో సంగతి పట్టుకున్నాను. కూర్చుని చూసిన క్లిప్‌లో చెల్లి కాళ్ళు పొట్టిగా, గౌను మడమల కిందికి వచ్చినట్టుగా ఉన్నాయి. నిజానికి అది మడమకి నాలుగు వేళ్ళు పైన ఆగుతుంది. నేను కెమెరాని నా కళ్ళ ఎత్తులో పెట్టి, దగ్గర నుంచి తీయడం వల్ల వచ్చిన తేడా ఇది. ఫోన్‌లో మెయిన్ కెమెరాలు కూడా చాలావరకు పెద్ద కెమెరాల లెక్కలో 24, 26 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండే, ఎక్కువ మేర పట్టే వైడ్ లెన్సులే. దగ్గరికి వెళ్ళేకొద్దీ లెన్స్‌కి చేరువగా ఉన్నది పెద్దదైపోతుంది, దూరంగా ఉన్నది చిన్నదైపోతుంది. ట్రైపాడ్‌ని నడుము ఎత్తుకి దించి, గది ఆ చివరికి జరిపి, రెండు రెట్లు దగ్గరగా చూపించే లెన్స్ పెట్టాను. ఒళ్ళు ఉన్నది ఉన్నట్టు నిలబడింది. గౌను ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. పొడవు ఎంతని అడిగేవాళ్ళు ఎంతమందో. ఇన్నాళ్ళూ వాళ్ళకి తప్పు పొడవు చూపించానన్నమాట.

మధ్యాహ్నం నల్ల వెల్వెట్ కోటు. నలుపుతో గొడవ ఏమిటంటే, ఆటో ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుగు తీసుకోవాలో కెమెరాయే తేల్చుకునే పద్ధతి, ఫ్రేమ్ మొత్తాన్ని ఒక నడిమి బూడిదరంగు స్థాయికి తేవాలని చూస్తుంది. నలుపు ఎక్కువుంటే చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది. కోటు బూడిదరంగులోకి దిగిపోయి, దాని మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది. ఆ గ్రెయిన్‌తో ఇంకో నష్టం కూడా ఉంది. అప్‌లోడ్ చేశాక ప్లాట్‌ఫామ్ వీడియోని మళ్ళీ కుదిస్తుంది కదా, ఆ కుదింపులో ఉన్న కాస్త డేటా ఈ ఇసుకకే ఖర్చైపోయి, అసలు బట్ట వివరాలు గడులు గడులుగా చెదిరిపోతాయి. ఎక్స్‌పోజర్ తగ్గించి లాక్ చేశాను. నలుపు నలుపుగా దిగింది. కానీ ఇప్పుడది చీకట్లో ఒక రంధ్రంలా ఉంది తప్ప వెల్వెట్‌లా లేదు.

ఎల్ఈడీ ప్యానెల్ ఒకటి తెచ్చి చెల్లి వెనక, పక్కకి పెట్టాను. భుజం అంచు మీద వెండిగీతలా వెలుగు పడింది. ఫ్రేమ్‌లో సన్నటి అడ్డచారలు పాకడం మొదలైంది! దీనికి మందు తెలుసు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షటర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే సరిపోతుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60, 1/120. నేను గౌనుకి పెట్టిన 1/60ని మార్చకుండా అలాగే ఉంచేశాను. కిటికీ వెలుగుకి అది పర్లేదు, ఈ ప్యానెల్‌కి కుదరదు. మార్చగానే చారలు పోయాయి.

అయినా వెల్వెట్ ఇంకా రాలేదు. ఏం చేయాలో తోచక ఆ కోటు చేతి మీద నూగు సర్దుతున్నాను. వేళ్ళు కిందికి పోనిస్తే నునుపుగా మెరిసింది, పైకి పోనిస్తే కాటుకలా నల్లబడింది. వేళ్ళు వెళ్ళినంత మేరా ఒక దారి పడింది. "ఆగు, అలాగే ఉండు" అన్నాను. చెల్లి చేయి చాపి పట్టుకుంటే, నేను లెన్స్ దగ్గరికి తెచ్చి, తనని తన వేళ్ళతోనే ఆ నూగుని ఒకసారి పైకి, ఒకసారి కిందికి నిమరమన్నాను. ఐదు సెకన్ల క్లిప్. ఇవాళ తీసినవాటన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే. చూస్తుంటే నా వేలికొసలకి ఆ మెత్తదనం తగిలింది. కోటు వేసుకుని ఎంత నడిచినా రానిది ఒక్క నిమురులో వచ్చేసింది.

సన్నగళ్ళ బ్లేజర్ మాత్రం తల ప్రాణం తోకకి తెచ్చింది. కాస్త దూరం నుంచి తీస్తే గళ్ళ మీద రంగురంగుల అలలు పాకుతున్నాయి. దీన్ని మ్వారే అంటారు. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేస్తే లేని డిజైన్ కనిపిస్తుందే, అలాంటిదే. బట్ట గళ్ళ వరసలూ, సెన్సర్ మీది పిక్సెళ్ళ వరసలూ ఒకదానికొకటి అడ్డం పడి మూడో గళ్ళు పుట్టుకొస్తాయి. ఎడిటింగ్‌లో దీన్ని శుభ్రంగా తీయడం చాలా కష్టం, తీసేటప్పుడే తప్పించుకోవాలి. రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి, కొంచెం పక్కకి, జూమ్ మార్చి... చివరికి బాగా దగ్గరికి వెళ్ళి, ఒక్కో గడి విడిగా కనిపించేంత పెద్దగా తీస్తే అలలు పోయాయి. పూర్తి ఒళ్ళు కనిపించే షాట్ ఒక్కటే పెట్టాను, అందులో కూడా భుజం దగ్గర కాస్త మిగిలే ఉంది. వచ్చేవారం ఇంకో లెన్స్‌తో చూడాలి.

సాయంత్రం ఎడిటింగ్. ఫిల్టర్ ఏదీ వేయలేదు. ముందు ఫోన్‌లో కళ్ళకి హాయిగా ఉండేందుకు పెట్టుకున్న పసుపు మోడ్ ఆపేశాను. ఆ స్క్రీన్ మీదే ఇన్నాళ్ళూ రంగులు సరిచూసుకున్నానంటే ఇప్పుడు గుబులుగా ఉంది. కిటికీ దగ్గర కూర్చుని, గౌను ఒళ్ళో పెట్టుకుని, వీడియో ఆపుకుంటూ రెండూ పోల్చి చూశాను. తర్వాత చెల్లి ఫోన్‌లో చూశాను. తన ఫోన్ రంగుల్ని కాస్త పెంచి చూపిస్తుంది, అయినా నెమలికంఠం నెమలికంఠంలాగే ఉంది.

సంగీతం పెడదామనుకున్నాను గానీ, గౌను తిరిగే క్లిప్‌లో శాటిన్ చేసే ఆ సరసర చప్పుడు స్పష్టంగా పడింది. కాలర్‌కి మైక్ తగిలిస్తే బట్ట రాసుకుని బరబరలాడుతుంది, ఫ్రేమ్ బయట నేల దగ్గర పెట్టడం వల్ల ఇది దొరికింది. సంగీతం వద్దనుకున్నాను. ఆ చప్పుడే ఉంచేశాను.

పాత వీడియో తీసేసి కొత్తది పెట్టాను. కింద రెండు వాక్యాలు రాశాను, పాతదానిలో రంగు తప్పుగా వచ్చిందని, ఇది పగటి వెలుగులో తీసిందని. ఆ అమ్మాయికి విడిగా మెసేజ్ పెట్టాను, క్షమించమని. "ఈ రంగు ఇదే అక్కా, ఇప్పుడు నా చేతిలో ఉన్నదానిలాగే ఉంది" అని రాసింది. కోటుకి జత కుదరకపోయినా ఉంచేసుకుంటుందట.

ఇందాక గౌను బీరువాలో పెట్టబోతూ లైటు వేశాను. ఆ పసుపు బల్బు కింద అది నిండు పచ్చ అయిపోయింది, నీలం జాడ కూడా లేదు. తలుపు తెరిచి పట్టుకుని కాసేపు అలాగే చూశాను. రాత్రిపూట వేసుకునేవాళ్ళకి కనిపించేది ఈ రంగే. ట్రైపాడ్ ఇంకా మడవలేదు. చెల్లి పడుకుంది, హ్యాంగర్‌కి ఉండగానే పది సెకన్లు తీసి దాచాను.