మత్తయి మొదటి అధ్యాయం, మా తాతగారి బైబిలు

డిసెంబరు వచ్చిందంటే మా విశాఖపట్నంలో నేనెరిగిన సంఘాలన్నిటిలోనూ మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదువుతారు గాని, చాలాచోట్ల మొదటి పదిహేడు వచనాల్లోని యేసు వంశావళిని విడిచి, పద్దెనిమిదో వచనం నుంచే మొదలుపెడతారు. చిన్నప్పుడు కుటుంబ ప్రార్థనలో నేనూ ఆ పేర్లన్నీ దాటవేయబోతే నాయనమ్మ ఒప్పుకొనేది కాదు. జెరుబ్బాబెలు దగ్గర నాలుక తడబడితే మళ్లీ అబ్రాహాము నుంచి చదివించేది.

ఆ పదిహేడు వచనాలకూ మా ఊరికీ ఉన్న సంబంధం నాకు పెద్దయ్యాకగాని తెలియలేదు. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే ఉండి, బ్రాహ్మణుడై పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తలను తెనిగించే పని చేపట్టారు. క్రాన్ 1809లోనూ, డెస్ గ్రాంజెస్ 1810లోనూ కన్నుమూశారు. వారి అనువాదం 1812లో బెంగాల్‌లోని సెరాంపూరులో అచ్చయింది. ఇంటిపేరూ కులమూ అడగనిదే మనిషిని లోపలికి పిలవని మన నేల మీద, ఆ మత్తయి సువార్తను తెరిచిన తెలుగువారికి మొట్టమొదట ఎదురైనది ఈ వంశావళే.

ఈ వంశావళిలో కనిపించే తామారు, రాహాబు, రూతు అనే ముగ్గురు స్త్రీల గురించి ప్రసంగాల్లో తరచుగా వింటాం కనుక వారి సంగతి ఇక్కడ విస్తరించను. నన్ను ఏళ్ల తరబడి వెంటాడుతున్నది "ఊరియా భార్యగానుండిన ఆమె" అనే మాట. బత్షెబ పేరు అక్కడ లేదు. ఆమె భర్త పేరు ఉంది. ఊరియా హిత్తీయుడు, ఇశ్రాయేలీయుడు కాని అన్యజనుడు. యేసు వంశంలో అతని రక్తబిందువు ఒక్కటీ లేదు. రాజైన దావీదు అతని భార్యను తీసుకొని, రబ్బా పట్టణపు ముట్టడిలో అతణ్ణి ముందు వరుసలో నిలబెట్టించి చంపించాడు. సమూయేలు రెండవ గ్రంథంలోని దావీదు పరాక్రమవంతుల జాబితాలో చిట్టచివరి పేరు కూడా ఇతనిదే. ఆ హతుని పేరును మత్తయి సరిగ్గా దావీదుకూ, బత్షెబ కన్న అతని కొడుకు సొలొమోనుకూ మధ్య నిలిపాడంటే, రాజు ఎంత గొప్పవాడైనా అతడు చేసిన అన్యాయం దేవుని పుస్తకంలో మరుగుపడదని నాకు అర్థమైంది.

మత్తయి అందరి పేర్లూ రాయలేదన్నది నిజమే. వంశావళిని మూడు భాగాలు చేసి అతడు చెప్పిన పద్నాలుగేసి తరాల లెక్కలో యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులు కనబడరు. అయితే యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపిన మనష్షే మాత్రం ఉన్నాడు. అంటే అవమానం తెచ్చినవారిని ఏరిపారేయడం మత్తయి ఉద్దేశం కాదు. జెరుబ్బాబెలు తరువాత యోసేపు వరకు అబీహూదు, అజోరు, ఆకీము వంటి తొమ్మిది పేర్లు వస్తాయి. వారేమి చేశారో లేఖనంలో ఒక్క మాట లేదు. రాజ్యం పోయిన రోజుల్లో బిడ్డలను కని, పెంచి, వాగ్దానాన్ని చేతులు మార్చి వెళ్లిపోయారని మాత్రం తెలుస్తుంది.

మా తాతగారి బైబిల్లో పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య కుటుంబ వివరాలకు విడిచిన రెండు పుటలున్నాయి. తొమ్మిది మంది పిల్లల పేర్లు నీలి సిరాతో, పుట్టిన తేదీలతో రాసి ఉన్నాయి. ఆరో పేరు మీద స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఒక గీత ఉంది. అది మా మేనత్తది. పెద్దలకు ఇష్టంలేని పెళ్లి చేసుకున్నందుకు తాతగారు ఆ పేరు కొట్టివేసి, పేజీ తిప్పితే మత్తయి వంశావళి కనబడే ఆ పుస్తకాన్నే మరో ఇరవై ఏళ్లు అనుదినం చదివారు. ఆయన భక్తిని నేను శంకించను; ఆ గీత మాత్రం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

క్రిందటి క్రిస్మస్ ముందు నాన్నగారు ఆ పుట తీసి, చివరి పేరు కింద మిగిలిన జాగాలో చెల్లెలి పేరును మళ్లీ రాశారు. చేయి వణకడంతో అక్షరాలు వరుస తప్పాయి. పుట్టిన తేదీ సరిగా గుర్తులేక, పెందుర్తిలో ఉంటున్న అత్తయ్యకే ఫోను చేసి అడిగారు. ఎందుకన్నయ్యా అని ఆమె అడిగితే, బైబిల్లో రాయడానికమ్మా అన్నారు. అవతలి నుంచి చాలాసేపు మాట వినబడలేదు. తరువాత ఆమె తేదీ చెప్పింది.