ఎవర్ అంటే ఎప్పుడైనా

పన్నెండు దాటింది. చిన్నోడి స్విమ్మింగ్ బ్యాగు సర్దలేదు, శుక్రవారం లెసన్ ప్లాను సగంలో ఉంది, గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు, పట్టినా కల్లో కూడా వేళ్ళు చూపిస్తూ డ్రిల్లింగే (ఒకే వాక్యం అందరితో పదేపదే చెప్పించడం) చేయిస్తానేమో.

ఇంగ్లీషు టీచర్ల ట్రైనింగులో ఇవాళ నా నాలుగో టీచింగ్ ప్రాక్టీసు. 40 నిమిషాలు. టాపిక్ ప్రెజెంట్ పర్ఫెక్ట్, అదీ "హావ్ యూ ఎవర్" రకం. ఎదురుగా ఇంగ్లీషు నేర్చుకోడానికొచ్చిన 11 మంది, వెనక బెంచీలో మా ట్రైనరు, పక్కనే నా తోటి ట్రైనీలు ఐదుగురు ఒళ్ళో పేపర్లు పెట్టుకుని. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడలేదు.

ఫీడ్‌బ్యాక్ షీటు బ్యాగులోనే ఉంది, ఇంటికొచ్చాక నాలుగుసార్లు తీసి చదివాను. మొదటిది, 40 నిమిషాల్లో 26 నిమిషాలు నేనే మాట్లాడానంట. కూర్చుని లెక్కేశాడు మహానుభావుడు. రెండోది, ఇన్‌స్ట్రక్షన్లు ఇచ్చాక అర్థమైందో లేదో చెక్ చెయ్యలేదంట. అంటే "ఆర్ యూ రైటింగ్ ఆర్ స్పీకింగ్? ఆర్ యూ వర్కింగ్ అలోన్ ఆర్ విత్ ఎ పార్ట్‌నర్?" అని అడగాలి. ఆ టర్కీ ఆయన వాళ్ళ ఊళ్లో 20 ఏళ్ళు సివిల్ ఇంజనీరు, బ్రిడ్జీలు కట్టాడు, ఆయన్ని పట్టుకుని "రాస్తారా, మాట్లాడతారా" అని ఎల్‌కేజీ పిల్లాడిని అడిగినట్టు ఎలా అడగను? నోరు రాదు. "ఆర్ యూ విత్ మీ" అని మర్యాదగా అడిగితే అది లెక్కలోకి రాదంట, అందరూ తల ఊపేస్తారంట. సరే.

మూడోది చూస్తేనే నాకు మండింది. మాతృభాష వాడకం, ఒకసారి. అండర్‌లైన్ కూడానూ.

ఏం జరిగిందో చెప్తాను, మీరే చెప్పండి. ఆంటీ ముందు వరసలోనే కూర్చుంది. (ఏ ఆంటీయో మీకు తెలుసు, పోయిన వారం రాశాగా, అమలాపురం దగ్గరావిడ, మనవడిని చూసుకోడానికి ఆరు నెలల వీసా మీద వచ్చింది, మా ప్రాక్టీసు క్లాసులు ఫ్రీ అని కోడలు చేర్పించింది.) నేను బోర్డు మీద టైమ్ లైను గీసి, పుట్టిన రోజు ఇక్కడ, ఇవాళ ఇక్కడ, మధ్యలో ఎప్పుడో తెలీదు కాబట్టి క్వశ్చన్ మార్కు అని చెమటలు కక్కుతుంటే, ఆవిడ గొంతు తగ్గించి "ఎవర్ అంటే ఏంటి మేడమ్" అంది. నేను కూడా గొంతు తగ్గించి "ఎప్పుడైనా" అన్నాను. అంతే. ఒక్క మాట. ఆవిడ మొహం వెలిగిపోయింది. బోర్డు మీద ఆరు నిమిషాల బొమ్మ చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. దానికి అండర్‌లైను.

పైగా ఆ పిల్ల లేదూ, మా బ్యాచిలో అందరికంటే చిన్నది, ప్రతిసారీ ఎబవ్ స్టాండర్డ్ తెచ్చుకునేది, నా పక్కకొచ్చి "లవ్లీ లెసన్, ఐ జస్ట్ నోటీస్డ్ వన్ టైనీ థింగ్" అంటూ తన పేపరు తీసింది. టైనీ థింగులు ఏడున్నాయి. నాకొచ్చింది మామూలు "టు స్టాండర్డ్". అది పాసే. పాసయ్యాక ఎందుకు ఏడుస్తున్నావ్ అంటారు మా ఆయన, ఆయనకేం తెలుసు.

చిన్నోడు సరేసరి. ఈ మధ్య నా ప్రాక్టీసు విని "అమ్మా, ఇట్స్ నాట్ యెగ్, ఇట్స్ ఎగ్" అంటున్నాడు. రీడింగ్ అని రాసి రెడింగ్ అని పలికే ఈ ఇంగ్లండు ఊళ్లో ఉంటూ వీళ్ళు నాకు ఉచ్చారణ నేర్పడమేంటో.

ఇంతవరకూ రాసి ఆగాను, టీ పెట్టుకొచ్చాను. ఇప్పుడు చూస్తే పైన రాసిందాంట్లో నాకే ఒక తప్పు కనిపిస్తోంది. ఆంటీకి "ఎప్పుడైనా" దొరికింది. మరి టర్కీ ఆయనకి? ఎరిట్రియా అమ్మాయికి? ఆ అమ్మాయి నా వైపు, ఆంటీ వైపు మార్చి మార్చి చూసింది, అదేదో ఇద్దరం కలిసి దానికి తెలీకుండా మిఠాయి దాచుకున్నట్టు. గదిలో ఐదు భాషలుంటే ఒక భాషకి మాత్రం దొడ్డిదారి తెరిచాను. అందరిదీ తెలుగే అయ్యుంటే నేనే గెలిచేదాన్ని, విజయవాడలోనో హైదరాబాదులోనో ఈ గొడవే ఉండదు, అక్కడ తెలుగు వాడొద్దనే వాళ్ళతో మాత్రం నేను కొట్లాడతాను. కానీ ఇవాళ ఆ గదిలో మా ట్రైనరుదే కరెక్టు. ఇది ఆయనకి మాత్రం చెప్పను.

అసలు నన్ను పీకుతోంది ఇది కాదు. దానికి రావడానికే ఇంత తిరిగాను.

వర్క్‌షీటు మీద బొమ్మలు, గుర్రం, ఒంటె, మంచు, మోటర్‌బైకు. ఒక్కొక్కరిని అడుగుతున్నాను, "హావ్ యూ ఎవర్ రిడెన్ ఎ మోటర్‌బైక్?" ఆంటీ వంతు వచ్చింది. "ఐ..." అంది. ఆగింది. "ఐ హావ్..." అంది. మళ్ళీ ఆగింది. కళ్ళు పైకెత్తి వెతుక్కుంటోంది. వెనక ట్రైనరు పెన్ను చప్పుడు, గోడ మీద గడియారం, నాకింకా రెండు యాక్టివిటీలు మిగిలున్నాయి. "నెవర్!" అన్నాను నేను, ఎంతో హుషారుగా. "ఐ హావ్ నెవర్ రిడెన్ ఎ మోటర్‌బైక్!" ఒక్కో వేలికి ఒక్కో మాట, తర్వాత మొదటి రెండు వేళ్ళూ కలిపి నొక్కి "ఐవ్ నెవర్", క్లాసంతా మూడుసార్లు, ఆంటీతో విడిగా రెండుసార్లు. చెప్పింది పాపం, చక్కగా చెప్పింది. షీటులో ఆ ముక్క పక్కన "నైస్ డ్రిల్లింగ్, గుడ్ యూజ్ ఆఫ్ ఫింగర్స్" అని ఉంది. ఆ నాలుగు నిమిషాలే నాకు ఇవాళ్టి మొత్తంలో సంతోషం.

క్లాసయ్యాక స్టేషన్లో ప్లాట్‌ఫామ్ మీద కలిసింది ఆంటీ. క్లాసు గడప దాటగానే మేడమ్ పోయి అమ్మాయ్ వచ్చేస్తుంది. క్యారేజీలోంచి జంతిక ఒకటి తీసిచ్చి, "అమ్మాయ్, ఒకటి చెప్పనా, ఏమనుకోకు. నేను లూనా నడిపాను" అంది.

"ఏంటాంటీ?"

"లూనా. ఏఎన్‌ఎమ్‌గా చేశాను కదా, 11 ఏళ్ళు. వెనకాల వ్యాక్సిన్ డబ్బా తాడేసి కట్టుకుని కాలవ గట్టంట తిరిగేదాన్ని. వానాకాలం బురదలో ఎన్నిసార్లు పడ్డానో. చీర చక్రంలో పడకుండా ఇలా దోపేదాన్ని", అని ఆ ప్లాట్‌ఫామ్ మీదే కుచ్చిళ్ళు ఎత్తి చూపించింది, పక్కనున్న తెల్లాయన జరిగాడు.

"మరి క్లాసులో చెప్పలేదేం?"

"టీచరు చెప్తుంటే మధ్యలో కాదంటే బాగోదు కదమ్మా."

అయిదుసార్లు. ఆవిడ నోటితో ఆవిడ జీవితంలో లేని మాట అయిదుసార్లు చెప్పించాను. అరవయ్యేళ్ళావిడ, ముడి, చీర మీద స్వెట్టరు, ఇంకేం నడుపుతుందిలే అనుకున్నాను. అనుకున్నానా? అనుకునేంత టైము కూడా తీసుకోలేదు.

అమ్మమ్మ గుర్తొచ్చింది ట్రైనులో. కావలి అవతల వాళ్ళ ఊరు. 1991 వేసవి సెలవులు, నాకు తొమ్మిదేళ్ళు. అప్పుడే నెల్లూరు జిల్లాలో అక్షర దీపం అని పెద్దవాళ్ళకి చదువు మొదలెట్టారు, రాత్రిపూట రామాలయం అరుగు మీద క్లాసు. పెట్రోమాక్సు లైటు, దాని చుట్టూ పురుగులు, కూలి పనుల్నించి వచ్చిన ఆడవాళ్ళంతా స్నానాలు చేసి తడి జుట్టుతో వచ్చి కూర్చునేవాళ్ళు, ఒళ్ళో పిల్లలు. చెప్పేది టెన్త్ పాసైన పక్క వీధి కుర్రాడు, మీసం కూడా సరిగా రాలేదు. కాన్వెంటు పిల్లనని నాకు అక్కడ పెద్ద గొప్ప, అమ్మమ్మ పక్కన కూర్చుని అందరికీ అందిస్తుండేదాన్ని. ఓ రోజు పలక మీద కావలి అని రాశాడా కుర్రాడు. అమ్మమ్మ వేలు పెట్టి "కా..." అంది. వేలు జరిపింది. చూస్తోంది, చూస్తోంది. కుర్రాడూ నేనూ ఒకేసారి "వలి!" అని అరిచాం. అమ్మమ్మ పలక పక్కన పెట్టేసింది.

"ఒరే అబ్బయా, నా నోట్లో ముద్ద నువ్వు మింగితే నా కడుపెట్టా నిండుద్దిరా? చెప్తా వుండా కదా, ఆగు."

ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆ అబ్బాయి మొహం మాడ్చుకుని మర్నాడు రాలేదు, అమ్మమ్మే వాళ్ళింటికెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ తర్వాత సంవత్సరం దూబగుంటలో సారాకొట్టు మీద ఆడవాళ్ళు తిరగబడ్డారని వింటే, ఆ రాత్రి బడులు, ఆ వాచకాల్లో సారా గురించిన పాఠాలే దానికి మొదలని పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే, నాకు మాత్రం ఆ పలక పక్కన పెట్టడమే గుర్తొచ్చేది. అమ్మమ్మ ఊరేగింపులకేం పోలేదులెండి. బస్సు బోర్డు తనే చదివేదాకా ఎక్కేది కాదు, అంతే, కండక్టరు తిట్టినా సరే, "చదువుతా వుండా, కనపడలా?" అని వాణ్ణే తిట్టేది. కావలి బస్సు మా ఊళ్లో మామూలు కంటే రెండు నిమిషాలు ఎక్కువ ఆగేది.

షీటు ఐదోసారి తీసి చూశాను ఇప్పుడే. మార్జిన్లో పెన్సిలుతో ఒక్క మాటుంది, వెయిట్. ఇప్పటిదాకా అది నాకు కనిపించనే లేదు, లేదా కనిపించినా దాన్నీ ఇంకో దెప్పుడు కిందే జమ కట్టేశాను. రెండో వారం ఇన్‌పుట్ సెషన్లో చెప్పాడు మా ట్రైనరు. మేరీ బడ్ రో అని ఒకావిడ అమెరికాలో సైన్సు క్లాసులు రికార్డు చేసి వింటే టీచర్లు ప్రశ్న అడిగాక ఒక సెకను కంటే ఆగట్లేదంట, మూడు సెకన్లు ఆగితే చాలు జవాబులు పొడుగవుతాయంట. నేను నోట్సులో రాసుకున్నాను కూడా, ఎర్ర పెన్నుతో. ఆ రోజు సాయంత్రం మా ఆయన "అన్నం తిన్నావా" అంటే మనసులో మూడు లెక్కపెట్టి చూశాను. "ఎందుకంత కోపం, నేనేం చేశాను" అన్నారు.

"తిన్నావా" అంటే గుర్తొచ్చింది. మనకి అన్నిటికీ "తిన్నావా" ఒకటే. డిడ్ యూ ఈట్, హావ్ యూ ఈటెన్, రెండూ అందులోనే. లూనా కూడా అంతే. "నడిపాను" అంటే అయిపోయింది. ఇంగ్లీషులో ఊరికే అనుభవమైతే ఐ హావ్ రిడెన్. 11 ఏళ్ళు, అదీ అయిపోయిన ఉద్యోగం అంటే ఐ రోడ్, లేకపోతే ఐ యూజ్డ్ టు రైడ్. ఆంటీ ఆ రెండు నిమిషాలు వెతుక్కుంది (రెండు నిమిషాలు కాదు, నాలుగు సెకన్లుంటుందేమో) ఈ మలుపు దగ్గరేనేమో. నా లెసన్ ప్లానులో దానికి గడే లేదు.

ప్లాట్‌ఫామ్ మీద ఆవిడ అడిగింది, "మరి దాన్ని ఇంగ్లీషులో ఎట్లా అనాలమ్మాయ్?" నేను నోరు తెరిచేలోపు ఆవిడ ట్రైను వచ్చేసింది. లేదు, నిజం చెప్పాలంటే ట్రైను రావడానికి ఇంకో నిమిషం ఉంది, నాకే నోరు రాలేదు.

శుక్రవారం నాకు దొరికింది రీడింగ్ స్కిల్స్, కరెంటు బిల్లు చదవడం. అందులో లూనా ఎక్కడ దూరుస్తాను? మొదటి అయిదు నిమిషాలు, లీడ్-ఇన్ అని ఉంటుంది కదా, అక్కడ పెట్టాను. ప్లానులో ఇలా రాశాను, టీచరు ఒక బొమ్మ చూపిస్తుంది, ఎవరిదైనా పాత ఉద్యోగం గురించి అడుగుతుంది, ఆగుతుంది. బొమ్మ కింద మోపెడ్ అని రాశాను, ఆ గదిలో ఇంకెవరికీ తెలీదు కదా అని. మళ్ళీ కొట్టేసి లూనా అనే రాశాను.