నొప్పి లేని జబ్బు

సికింద్రాబాద్‌లో పియానో మొదలుపెట్టి, లండన్ బోర్డు గ్రేడు పరీక్షలు ఒక్కొక్కటే దాటుకుంటూ జర్మనీ చేరిన నాకు, కచేరీలు వరుసగా కుదురుతున్న ఇరవై నాలుగో ఏట కుడిచేతి చిటికెన వేలు మాట వినడం మానేసింది. చివరి మూడు వేళ్లతోనే స్వరాలను పరుగెత్తించవలసిన షోపాన్ పదో ఓపస్ రెండో ఎట్యూడ్ (వేళ్ల సాధనకు రాసిన రచన) వాయిస్తుంటే, ఆ వేలు మీట మీద పడకుండా అరచేతిలోకి ముడుచుకుపోయేది. నొప్పి మాత్రం లేదు. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడూ, పప్పన్నం కలుపుకునేటప్పుడూ అయిదు వేళ్లూ బుద్ధిగా పనిచేసేవి.

“నొప్పి లేకపోతే జబ్బేమిటిరా?” అంది అమ్మ ఫోన్‌లో. నా అభిప్రాయమూ అదే. సాధన చాలడం లేదనుకుని అయిదు గంటలను ఎనిమిది చేశాను; నాకు తెలిసిన ఒకే ఒక్క మందు అది, జబ్బును ముదరబెట్టిందీ అదే. సెలవులకు వచ్చినప్పుడు చూపించుకున్న ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. అలా ఏడాది పోయింది.

చివరికి సంగీతకారులకు వైద్యం చేసే ఒక న్యూరాలజిస్టు నన్ను పియానో ముందు కూర్చోబెట్టి, వాయిస్తున్న చేతిని వీడియో తీశారు. తరువాత పల్చటి రబ్బరు గ్లవ్ తొడిగి మళ్లీ వాయించమన్నారు. కొన్ని క్షణాలు చిటికెన వేలు చాచుకునే ఉంది! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇది ఫోకల్ డిస్టోనియా అనీ, తప్పు చేతిలో కాక మెదడులో ఉందనీ, పక్కపక్క వేళ్లకు విడివిడిగా ఉండవలసిన చోట్లు అక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయనీ, స్పర్శ మారితే కొందరికి కాసేపు ఇలా సర్దుకుంటుందనీ ఆయన వివరించారు. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ 1964లో, 36 ఏళ్ల వయసులో, ఇదే జబ్బుతో కుడిచేతిని కోల్పోయి, ఎడమచేతి రచనలు వాయిస్తూ, 1990లలో కండరాన్ని సడలించే బొటాక్స్ సూదుల తోడుతో తిరిగి రెండు చేతులకు వచ్చారని చెప్పారు. ధైర్యం చెప్పడానికే అన్నారు గాని, నేను లెక్కపెట్టుకున్నది మధ్యలోని ముప్పై ఏళ్లను.

మొదట ఇచ్చిన మాత్రలకు నోరు ఎండిపోయి, కంఠస్థమైన సంగీతమే మరుపుకు రావడంతో అవి మానేశాను. ముంజేతిలో, వేలిని ముడిచే కండరానికి బొటాక్స్ ఇచ్చారు. మోతాదు ఎక్కువైన తొలిసారి వేలు ముడుచుకోలేదు సరే, మీటను నొక్కే బలం కూడా లేకపోయింది. దానితోపాటు వేలు ముడుచుకోనంత నెమ్మదిగా, రోజుకు ఇరవై నిమిషాలకు మించకుండా వాయించడం నేర్చుకోవలసి వచ్చింది. ఎనిమిది గంటల మనిషికి సూది కన్నా ఇదే కష్టం.

రెండేళ్లు గడిచాయి. వేళ్ల వరుస మార్చుకుని మోట్సార్ట్ వాయించగలుగుతున్నాను, ఆ ఎట్యూడ్ జోలికి వెళ్లడం లేదు. సూది ప్రభావం సుమారు మూడు నెలలే కనుక, ఎవరైనా కచేరీకి తేదీ అడిగితే కిందటి సూది ఎప్పుడు వేయించుకున్నానో చూసుకుని, అయిదో వారానికీ పదో వారానికీ మధ్య ఒక రోజు చెబుతున్నాను.