బావ లారీలో నాగపూర్ దాకా

ఏటా జులైలో మా బావ ఆదాయపు పన్ను రిటర్ను నేనే వేస్తాను. గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, అందుకని చుట్టాల కాగితాలన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి. బావది తేలికైన ఫైలు, సొంతంగా తోలుకునే ఒక్క లారీ. పదికి మించి సరుకు బండ్లు లేనివాళ్లు జమాఖర్చుల పుస్తకాలు రాయకుండానే ఆదాయం చూపించుకోవచ్చు. 12 టన్నులు దాటిన బండి అయితే, సరుకుతో కలిపి దాని మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 రూపాయలు లాభం వచ్చినట్టే చట్టం లెక్కేస్తుంది. బావది పది టైర్ల లారీ, 28.5 టన్నులు. నెలకు 28,500, ఏడాదికి 3,42,000. నాకు అది పది నిమిషాల పని.

2024 జులైలో ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్తే అక్క ఆ అంకె చూసింది. "నెలకి ఇంత వస్తుంటే నా గాజులు ఇంకా బ్యాంకులో ఎందుకున్నాయిరా?" అంది. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బావ ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఆ అంకె రాసింది నేను. అది ఎంతవరకు నిజమో నాకే తెలియదన్న సంగతి చాలా రోజులు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. 2025 ఫిబ్రవరిలో పది రోజులు సెలవు పెట్టి, ఒక నోటు పుస్తకం కొనుక్కుని, బావ లారీలో పక్క సీటు ఎక్కాను.

లోడు మిర్చి, గుంటూరు నుంచి నాగపూర్‌కి. మొత్తం 350 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, 15 టన్నులు. కిరాయి టన్నుకు 3,000 చొప్పున 45,000. నేను పుస్తకంలో మొదటి లైను రాస్తుంటే బావ అన్నాడు, "ఈ బండి 18 టన్నులు మోస్తది. మిర్చి తేలిక సరుకు గదా, బరువు నిండకముందే బాడీ నిండిపోద్ది. మిగతా మూడు టన్నులూ గాలి మోసినట్టే." ఇన్నేళ్లుగా ఆ బండి కాగితాలు చూస్తున్నాను, ఈ ఆలోచనే నాకు రాలేదు. చట్టం లాభాన్ని బండి మొత్తం బరువును బట్టి కడుతుంది. బావకు కిరాయి వచ్చేది ఎక్కిన సరుకుకు.

లోడింగుకే పగలంతా పోయింది. హమాలీలు టిక్కీలు పేర్చుతుంటే లేచే దుమ్ము చెమట పట్టిన మెడ మీద పడి రాత్రి దాకా మండుతూనే ఉంది. పట్టా కప్పి, తాళ్లు బిగించి, కాటా వేయించి బయల్దేరేసరికి రాత్రి ఎనిమిదయింది. సత్తెనపల్లి, పిడుగురాళ్ల దాటి వాడపల్లి దగ్గర కృష్ణ మీదికి వచ్చేటప్పటికి నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. బావ పొద్దున ఆరింటికి లేచిన మనిషి. జీతానికి తోలే డ్రైవరుకు రోజుకు 8 గంటలే పని అని అప్పటికి 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది. సొంత లారీ తోలుకునేవాడి గంటలు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు. క్లీనరును కూడా రెండేళ్ల కిందటే మాన్పించేశాడు.

నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కేముందు ఆపి, సీటు వెనక నుంచి జానెడున్నర ఇనుప రాడ్డు తీసుకుని దిగాడు. ఒక్కో టైరును రాడ్డుతో కొడుతూ బండి చుట్టూ తిరిగాడు. గాలి సరిగా ఉన్న టైరు ఖంగుమంటుంది, రాడ్డు వెనక్కి ఎగురుతుంది. వెనక ఎడమవైపు లోపలి టైరు దగ్గర మాత్రం చప్పుడు మొద్దుగా వచ్చింది. బావ ఒంగి, అరచెయ్యి టైరు మీద ఆనించి వేడి చూశాడు. ఇంకోసారి కొట్టాడు. చెవి దగ్గరగా పెట్టి మళ్లీ కొట్టాడు. "ఇది రీట్రేడింగు చేయించిందిరా. నాగపూర్ దాకా లాగితే చాలు" అన్నాడు. అంటే అరిగిన టైరుకు పైన కొత్త రబ్బరు పొర వేయించింది. ఆ ముఖంలో ఉన్న టెన్షన్ నేను ఆసుపత్రి వరండాల్లో చూశాను. కొత్త టైరు 21,000. పదీ మార్చాలంటే రెండు లక్షల పది వేలు. ఒక సెట్టు జాగ్రత్తగా, మధ్యలో రీట్రేడింగు చేయించుకుంటూ వాడినా కిలోమీటరుకు 1 రూపాయి 70 పైసలు రోడ్డు మీద అరిగిపోతున్నట్టే. కానీ ఆ అరుగుదల ఏ రోజు ఖర్చులోనూ కనపడదు. టైరు పగిలిన రోజున మొత్తం ఒక్కసారే కనపడుతుంది.

అది నాగపూర్ దాకా లాగలేదు. మర్నాడు సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్ ఘాట్ ఎక్కుతుండగా పగిలింది. స్టెప్నీ బావే మార్చాడు. నేను జాకీ అందించాను, అంతకు మించి చేయగలిగింది లేదు. గంటన్నర పట్టింది. ఇంజన్ వేడి క్యాబిన్‌లోకి కొడుతూ ఉంటే, ఆ ఎండలో పని ముగించుకుని వచ్చి మళ్లీ ఆ వేడిలోనే కూర్చున్నాడు. కొత్తగా తయారయ్యే లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. బావ బండి 2019ది. 2022లో సెకండ్ హ్యాండ్‌లో 17 లక్షలకు కొన్నాడు. అందులో 13 లక్షలు ఫైనాన్స్, 48 వాయిదాలు, నెలకు 36,200.

ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ వస్తుంది, అవతల మహారాష్ట్ర. బావ గుంటూరు నుంచి అక్కడి దాకా సరిపడేంతే డీజిల్ కొట్టించుకుని వచ్చాడు. అప్పట్లో ఆంధ్రలో లీటరు 97 దాటింది, పెన్‌గంగ అవతల ఐదారు రూపాయలు తక్కువ ఉండేది. లోడుతో బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. రానూపోనూ 1,600 కిలోమీటర్లకు 400 లీటర్లు, సగటున 93 వేసుకుంటే 37,200. ఈ ఐదారు రూపాయల కోసం ట్యాంకు ఎక్కడ నింపాలి, ఎక్కడ ఆపాలి అన్నది బావ నోటిలెక్కగా చెబుతుంటే నేను రాసుకున్నాను. టోల్ గేట్ల దగ్గర మాత్రం ఏ లెక్కా నడవదు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆగడం తగ్గింది కానీ, ఫోన్ టింగుమన్నప్పుడల్లా మూడు వందలో నాలుగు వందలో పోతూనే ఉంటాయి. రానూపోనూ 8,400 అయింది.

మూడో రోజు పొద్దున నాగపూర్ కలమ్నా మార్కెట్‌కు చేరాం. అన్‌లోడింగు మధ్యాహ్నానికి అయిపోయింది. తరుగు వచ్చిందని 600 కోసుకున్నారు. టిక్కీలు ఎక్కించేటప్పుడు మిర్చి ఎంత తేమ మీద ఉందో, దారిలో ఎంత ఆరిందో బావ చేతిలో ఉందా? అయినా కోత బావ బ్యాలెన్సులోనే. వాదించలేదు. "సంతకం పెట్టిన ఎల్ఆర్, లారీ రసీదు, వెనక్కిస్తేనే గదా మనకు మిగతా డబ్బులు" అన్నాడు.

అసలు సంగతి నాకు అర్థమైంది ఆ తర్వాతి రెండు రోజుల్లో. బండి కదలని రెండు రోజుల్లో.

నాగపూర్ శివార్లలో లారీలు ఆగేచోట మా బండిలాంటివి పాతిక దాకా ఉన్నాయి. అందరూ దక్షిణానికి లోడు కోసం చూస్తున్నవాళ్లే. బ్రోకర్లు వస్తారు, నంబరు ప్లేటు చూస్తారు. ఏపీ బండి ఖాళీగా వెనక్కి వెళ్లలేదని వాళ్లకు తెలుసు. మొదటి రోజు సాయంత్రం సోయా చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) లోడుకు టన్నుకు 1,900 అన్నాడు ఒకాయన. బావ 2,000 అడిగాడు. ఆయన వెళ్లిపోయాడు. రెండో రోజు మధ్యాహ్నం వచ్చి 1,700 అన్నాడు. బావ సరేనన్నాడు.

"నిన్న పంతొమ్మిది వందలకే ఒప్పుకోవాల్సింది బావా" అన్నాను.

"నిన్న ఒప్పుకుని ఉంటే ఇంకో లారీ వాడు పద్దెనిమిదికి వస్తానని చెప్పేవాడు. అదీ తెలుసు ఆయనకి" అన్నాడు బావ, స్టవ్ మీద అన్నం గిన్నె దించుతూ.

ఆ రాత్రి క్యాబిన్‌లో ఫోన్ లైటు పెట్టుకుని ఒక లెక్క వేశాను. వాయిదా 36,200. ఇన్సూరెన్సు ఏడాదికి 62,000, అందులో థర్డ్ పార్టీ ప్రీమియమే దాదాపు 44,000. నెలకు 5,200 పడుతుంది. క్వార్టర్లీ ట్యాక్సు, నేషనల్ పర్మిట్, ఫిట్‌నెస్ కలిపి నెలకు 4,800. మొత్తం 46,200. ముప్పై రోజులకు పంచితే, చక్రం తిరగకపోయినా, చుక్క డీజిల్ కాలకపోయినా, బావకు తెల్లవారితే 1,540 ఖర్చు. బండి ఆగిన రోజులకు ఇవ్వాల్సిన డబ్బు హాల్టింగ్ అని కాగితం మీద ఉంటుంది, రెండు రోజులకూ ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. మూడో రోజూ నిలబడితే ఇంకో 1,540 పోతుందని బావకు అంకెల్లో తెలియదు, ఒంట్లో తెలుసు. అందుకే 1,700కు తల ఊపాడు.

ఆరో రోజు మిల్లులో లైన్లో నిలబడి 18 టన్నులు ఎక్కించుకున్నాం, 30,600. తిరుగు ప్రయాణంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. వచ్చిన దారే. ఎనిమిదో రోజు మా జిల్లాలోనే ఒక కోళ్ల దాణా మిల్లులో దించి, రాత్రికి ఇల్లు చేరాం. అక్క వేడినీళ్లు పెట్టి ఉంచింది. బావ స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని, రెండో ముద్దకే కునికిపాట్లు పడ్డాడు.

మర్నాడు ఆఫీసులో మొత్తం లెక్క కట్టాను. రెండు కిరాయిలూ కలిపి 75,600. డీజిల్, టోల్ పోగా 30,000 ఉండాలి. బ్రోకర్ల కమీషన్ 2,300. హమాలీ మామూళ్లు, పట్టా, కాటా, తరుగు కోత, దారిలో చెయ్యి చాపినచోటల్లా ఇచ్చినవి 2,900. బావ తిండి 2,600. పంక్చర్లు, గ్రీజు 1,100. మిగిలింది 21,100. నెలకు ఇలాంటి ట్రిప్పులు మూడుకు మించవు, ఒక్కోటి ఎనిమిది రోజులు కాబట్టి. అంటే 63,300. ఇక్కడి దాకా చూస్తే ఎవరైనా బాగానే ఉందంటారు. లారీ కొనమని కుర్రాళ్లకు సలహా ఇచ్చేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

ఇందులోంచి టైర్లకు 8,000, రిపేర్లకు 6,000, ఇన్సూరెన్సూ ట్యాక్సులకు 10,000 తీసేస్తే 39,300. వాయిదా కడితే చేతిలో 3,100. అక్క గాజులు బ్యాంకులో ఎందుకున్నాయో ఈ 3,100 చెబుతుంది. టైర్ల డబ్బు, ఇన్సూరెన్సు డబ్బు నెలనెలా పక్కన పెట్టడం ఈ ఇంట్లో జరగని పని. ఆ డబ్బే బియ్యం, ఆ డబ్బే పిల్లల ఫీజు. ఇన్సూరెన్సు తారీకు వచ్చినప్పుడు గాజులు వెళ్తాయి.

వాయిదాలో అసలు కూడా ఉంది కదా, అప్పు తీరితే లారీ మిగులుతుంది కదా అంటారు. నేనూ అలాగే అనుకుని మళ్లీ కట్టాను. వాయిదా మొత్తం కాకుండా వడ్డీ మాత్రమే తీశాను, సగటున నెలకు 9,100. 17 లక్షల బండి వాయిదాలు తీరేనాటికి 11 లక్షలకు అమ్ముడైతే గొప్ప. ఆ ఆరు లక్షలు 48 నెలలకు పంచితే నెలకు 12,500 తరుగుదల. అవి రెండూ పోతే బావ నిజమైన సంపాదన 17,700. నేను ఏటా రిటర్నులో రాస్తున్నది 28,500. నెలలో 24 రోజులు రోడ్డు మీద ఉండే మనిషి, బండి పెట్టుబడి తనదే, రిస్కు తనదే, చేతికి వచ్చేది మాత్రం జీతగాడి కూలి కంటే తక్కువ.

ఇంకో లెక్క కూడా అదే కాగితం కింద వేశాను. వెళ్లేటప్పుడు టన్నుకు 300 తగ్గించి ఒప్పుకుంటే 15 టన్నులకు ట్రిప్పుకు 4,500, నెలకు 13,500. అప్పుడు 17,700 కాస్తా 4,200.

కాగితం బావకి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. వేలితో ఒక్కో అంకె కింద గీస్తూ, పెదాలు కదుపుతూ చదివాడు. మడిచి, లారీలో ఎదురుటద్దం పైన ఫిట్‌నెస్ కాగితం పక్కన దోపాడు.

పది రోజుల తర్వాత ఆటోనగర్‌లో బండికి గ్రీజు పెట్టిస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. ఫోన్ వచ్చింది. నాగపూర్ లోడు, మిర్చే, టన్నుకు 2,700. బావ అద్దం పైన కాగితం వైపు చూశాడు. "మూడు వేలకు తగ్గితే రాదండీ" అన్నాడు. అవతల ఫోన్ పెట్టేశారు. అరగంటకు పక్క లైన్లో ఉన్న లారీ స్టార్టయింది. దాని ఓనరు మా బావ వయసువాడే, సొంతంగా తోలుకునేవాడే. బావ చెయ్యెత్తి పలకరించి ఎక్కడికని అడిగాడు.

"నాగపూర్ అన్నా, మిర్చి. రెండు వేల ఏడు వందలు. ఐదో తారీకు వాయిదా ఉంది" అన్నాడాయన.