నా పేరు నాదేనని నిరూపించుకోవడానికి 11 వారాలు

నిన్న సాయంత్రం పని పూర్తయింది. మనసులో ఉన్నది చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల్లో లారీలు తూచే కాంటాలకు నేనొక సాఫ్ట్‌వేర్ రాశాను. బండి కాంటా ఎక్కగానే ఇండికేటర్ చూపించే బరువును సీరియల్ కేబుల్ ద్వారా తీసుకుని గ్రాస్ (సరుకుతో బండి బరువు), టేర్ (ఖాళీ బండి బరువు), నెట్ (సరుకు బరువు) లెక్కగట్టి స్లిప్పు ఇస్తుంది. నెల రోజులు ఉచితంగా వాడుకోవచ్చు. నచ్చితే 2,400 రూపాయలు కట్టి, ఆపైన వాడుకోవడానికి లైసెన్స్ కీ తీసుకోవాలి. షేర్‌వేర్ అంటే ఇదే. నాకు కంపెనీ లేదు, ఆఫీసు లేదు. రాసేదీ నేనే, రాత్రి పదింటికి గుమస్తా ఫోన్ చేస్తే ఎత్తేదీ నేనే.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, నా ఫైలు తెరవగానే విండోస్ నీలం తెర వేసి ‘అన్‌నోన్ పబ్లిషర్’ అని చూపిస్తుంది. జనవరిలో ఒక మిల్లు యజమాని అది చూసి, "మనూరి పిలగానివని పెట్టుకున్న, నువ్వే వైరస్ పంపుతవా?" అన్నాడు. యాసంగి వడ్లు వచ్చేలోపు కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలని అప్పుడే అనుకున్నాను. అది ఉంటే, ఫైలు ఎవరు రాశారో, మధ్యలో ఎవరైనా మార్చారో లేదో కంప్యూటర్‌కు తెలుస్తుంది.

పాలమూరు, వనపర్తి, నల్గొండ, సూర్యాపేటల్లో కలిపి మా లాంటివాళ్ళం పదిహేను మందిమి ఉంటాం. మాకు సంఘం పేరు లేదు, చందా లేదు. ఒకరి ఇన్‌స్టాలర్‌ను, అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఫైలును, మిగతావాళ్ళు తమ పాత కంప్యూటర్లలో వేసి చూస్తారు. ఎవరికైనా డబ్బులు ఆగిపోతే ఇంకొకరు మాట్లాడతారు. వీళ్ళలో పెద్దాయన మహబూబ్‌నగర్ అన్న. 1987లో అమెరికాలో షేర్‌వేర్ రాసేవాళ్ళు అసోసియేషన్ ఆఫ్ షేర్‌వేర్ ప్రొఫెషనల్స్ అని పెట్టుకున్నారని, కొన్నవాడికీ రాసినవాడికీ గొడవైతే తీర్చడానికి అందులో ఒక మధ్యవర్తి ఉండేవాడని ఆయనే చెప్పాడు. సాఫ్ట్‌వేర్ వివరాలన్నీ ఒకే ఫైల్లో రాసుకునే ప్యాడ్ ఫార్మాట్ కూడా వాళ్ళు తెచ్చిందే. 2010లో వాళ్ళు పేరులోంచి షేర్‌వేర్ మాట తీసేసి సాఫ్ట్‌వేర్ అని పెట్టుకున్నారు. అన్నకు ఆ సంగతి ఇప్పటికీ బాధే.

ఆర్డర్ పెట్టడం పది నిమిషాల పని. కార్డుకు విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకోవాలి, అంతే. టోకెన్‌తో కలిపి 20 వేలు దాటింది. 2023 జూన్ నుంచి, ఫైలు మీద డిజిటల్ సంతకం చేసే సైనింగ్ కీని యూఎస్‌బీ టోకెన్ లాంటి భద్రమైన హార్డ్‌వేర్‌లోనే ఉంచాలి. మామూలు ఫైలుగా ఇవ్వరు. ఈ మాట నాకు అమ్మినవాడు చెప్పలేదు. పైగా, కంపెనీ పెట్టి ఈవీ (ఎక్స్‌టెండెడ్ వాలిడేషన్, అంటే ఇంకా ఎక్కువ తనిఖీ చేసి ఇచ్చే) సర్టిఫికెట్ తీసుకుంటే నీలం తెర మర్నాడే పోతుందన్నాడు. వనపర్తి అక్క ఫోన్ చేసి ఆపింది. మైక్రోసాఫ్ట్ ఆ సౌకర్యం తీసేసిందని, ఇప్పుడు ఈవీ అయినా మామూలుదైనా నమ్మకం మెల్లగానే పెరుగుతుందని చెప్పింది. అక్క ఫోన్ చేయకపోతే ఇంకో 20 వేలు పోయేవి. రీసెల్లర్ల మాట నమ్మకండి.

ఆ తర్వాతే అసలు కష్టం మొదలైంది. సర్టిఫికెట్ ఇచ్చే ముందు నేనెవరో కాగితాలతో నిరూపించాలి.

నా పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఒక్క అక్షరమే ఉంది. బ్యాంకు పాస్‌బుక్కులో అదీ లేదు. కరెంటు మీటరు చనిపోయిన మా నాయన పేరు మీద ఉంది. మన దగ్గర ఏ ఇంట్లో చూసినా ఇంతే కదా! సర్టిఫికెట్ కంపెనీవాళ్ళకు మాత్రం నేను ముగ్గురు మనుషుల్లా కనిపించాను. వీడియో కాల్‌లో ఒకామె "మీ మొదటి పేరు ఒక్క అక్షరమేనా?" అని అడిగింది. ఇంటిపేరు ముందు వస్తుందని, దాన్ని కుదించి రాస్తామని నాకొచ్చిన ఇంగ్లీషులో నాలుగుసార్లు చెప్పాను. అప్లికేషన్ తిరిగొచ్చింది. నోటరీ చేయించిన పత్రం పంపాను. నోటరీ వివరాలను వాళ్ళే స్వయంగా వెతికి సరిచూసుకోవాలట. మా నోటరీ పేరు ఎక్కడా దొరకలేదని అదీ తిరిగొచ్చింది. చార్టర్డ్ అకౌంటెంట్ లేఖ అయితే సరేనన్నారు. వాళ్ళకు మెంబర్‌షిప్ నంబరు ఉంటుంది, దాన్నిబట్టి చూసుకోవచ్చు.

ఊళ్ళో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసుకు వెళ్ళాను. రెండు రోజులు బయట బెంచీ మీద కూర్చోబెట్టి పంపారు. మూడో రోజు లోపలికి పిలిచేసరికి అక్కడ ఇద్దరు మిల్లు యజమానులు ఉన్నారు. ఒకాయన నా సాఫ్ట్‌వేర్ వాడుతున్నాయనే. కాగితాలు బల్ల మీద పెట్టాను. సారు వాటి వైపు చూడలేదు.

"ఏ కంపెనీ నీది?"

"కంపెనీ లేదు సార్, ఇంట్లోనే రాస్తాను."

"టర్నోవర్ ఎంత?"

"పోయినేడు లక్షా పదివేలు సార్."

ఆయన మిల్లు యజమానుల వైపు తిరిగి, "రోజూ పేపర్ల చూస్తలేరా, ఇంట్ల కూసొని కంప్యూటర్ మీద చేసే పనులేందో. మూడు కార్డుల మీద మూడు పేర్లు. రేపు వీడేదన్న చేస్తే పోయేది నా మెంబర్‌షిప్" అన్నాడు. నా ముఖం చూసి కూడా అనలేదు. సంతకం పెట్టను అంటే లేచి వచ్చేసేవాణ్ణి. పెట్టకపోవడం ఆయన హక్కు. కానీ నాకు పనిచ్చే మనుషుల ముందు, ఒక్క కాగితం తిప్పకుండా నన్ను దొంగను చేశాడు. నేను కాగితాలు సర్దుకుంటుంటే ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి మిల్లాయన ఫోన్ చేసి, "నా పైసలు వాపస్ ఇస్తవా?" అని అడిగాడు. ఇచ్చేశాను. అమ్మకు చెప్పలేదు. రెండు రోజులు కంప్యూటర్ ఆన్ చేయలేదు.

మెడలో పెద్ద కంపెనీ కార్డు వేలాడుతుంటే ఇదే మనిషి కుర్చీ వేసి చాయ్ తెప్పించేవాడు. ఎనిమిదేళ్ళు హైదరాబాద్‌లో ఆ కార్డు వేసుకుని తిరిగాను కాబట్టి నాకు తెలుసు. అక్కడ నేను రాసిన కోడ్‌లో ఒక్క ముక్క కూడా మా ఊరివాళ్ళకు పనికిరాలేదు. ఇప్పుడు రాసింది సీజన్‌లో రోజుకు వందల బళ్ళు తూస్తోంది, ఒక్క కిలో తేడా రాలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

మూడో రోజు మహబూబ్‌నగర్ అన్న ఫోన్ చేశాడు. "ఏంది తమ్మీ, సప్పుడు లేదు?" అన్నాడు. అంతా చెప్పాను. "రేపు పొద్దుగాల బస్సెక్కు. ఒరిజినల్స్ అన్నీ పట్టుకరా" అన్నాడు. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఎండలో బస్టాండులో నిలబడి ఉన్నాడు, భోజనం కూడా చేయలేదు. అంతకుముందు ఆయన్ను నేను ఒక్కసారే చూశాను. తన లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె అరగంటసేపు ప్రతి కాగితం చదివింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండటం ఆమే పట్టుకుంది. నేను మూడు వారాలుగా దాన్ని ఫైల్లో పెట్టుకుని తిరుగుతున్నా నాకు తట్టలేదు. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూపించమంది, చూపించాను. లేఖ రాసి, ముద్ర వేసి, ఫీజు 500 తీసుకుంది.

తర్వాత అంతా తొందరగా అయిపోయింది. సర్టిఫికెట్ కంపెనీవాళ్ళు ఆమె ఆఫీసుకు, నాకూ ఫోన్ చేసి అడిగారు. విదేశీ నంబరని కట్ చేయకండి. టోకెన్ కొరియర్‌లో వచ్చింది. ఫైలును సైన్ చేసేటప్పుడు టైమ్‌స్టాంప్, అంటే ఎప్పుడు సంతకం చేశామో చెప్పే ముద్ర, తప్పకుండా పెట్టండి. లేకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజు నుంచే పాత ఇన్‌స్టాలర్ల మీద సంతకం చెల్లదు.

నిన్న సాయంత్రం నల్గొండ రోడ్డులో ఒక మిల్లులో కొత్త వెర్షన్ వేశాను. నీలం తెర వచ్చింది, కొన్నాళ్ళు వస్తుంది కూడా. కానీ ‘మోర్ ఇన్ఫో’ నొక్కితే పబ్లిషర్ అని ఉన్నచోట నా పేరుంది. గుమస్తా దగ్గరికి వంగి చదివాడు. "ఇంటిపేరుతోని వచ్చింది కద సార్, మీ నాయన నాకు ఎరికే" అన్నాడు. తనే నొక్కి, బయట ఉన్న ట్రాక్టర్‌ను కాంటా ఎక్కించమని కేకేశాడు.

రేపు అచ్చంపేట నుంచి ఒక తమ్ముడు వస్తున్నాడు. పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే ప్రోగ్రాం రాశాడు, అతని కరెంటు బిల్లు తాత పేరు మీద ఉంది. పదో తరగతి మెమో తెచ్చుకొమ్మని చెప్పాను. మేడమ్‌కు కూడా ఫోన్ చేసి పెట్టాను.