బూర కట్టిన కుప్పె ఎందుకు తేలికైంది? తరగతి గదిలో ఒక తూకం, నా అనుభవం

తొమ్మిదో తరగతికి ద్రవ్యనిత్యత్వ నియమం చెప్పేటప్పుడు నేను చాలా ఏళ్లు ఒకే ప్రయోగం చేసి చూపించాను. గాజు కుప్పెలో వినెగర్ పోసి, బూరలో వంట సోడా వేసి, ఆ బూరను కుప్పె మూతికి తొడిగి, మొత్తాన్ని స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి తూచేవాడిని. తర్వాత బూరను పైకెత్తి, సోడా వినెగర్‌లో పడి బూర ఉబ్బాక మళ్లీ తూచేవాడిని. రెండుసార్లూ ముల్లు ఒకే గీత మీద నిలిచేది. చర్యకు ముందు, తర్వాత ద్రవ్యరాశి సమానమని పిల్లలు రాసుకునేవారు. ఆ త్రాసులో ఒక్కో గీత విలువ 5 గ్రాములని, మేము వాడే సోడా మొత్తం ఒక్క గ్రామేనని, కనుక ఆ గ్రాము పూర్తిగా గాలిలో కలిసిపోయినా ముల్లు కదిలేది కాదని నాకు తట్టింది చాలా ఆలస్యంగానే.

తట్టిన తర్వాత ఊరుకోలేక, ప్రయోగశాల బీరువాలో ఏళ్ల తరబడి మూలన పడివున్న భౌతిక తులను, అంటే సూక్ష్మంగా తూచే రెండు పళ్లేల త్రాసును, బయటికి తీశాను. అద్దాల పెట్టె తలుపు బిగుసుకుపోయింది. అయినా తుల దండం కింద అగేటు రాయితో చేసిన క్షురధార, అంటే దండం ఆనుకుని ఊగే కత్తి లాంటి అంచు, మాత్రం పెచ్చులూడకుండా ఉంది. త్రాసుకు ప్రాణం ఆ అంచే కనుక మిగిలిన లోపాలను సరిచేసుకోవచ్చని ధైర్యం వచ్చింది. తూకపురాళ్ల పెట్టెలో ఉండవలసిన రెండు 200 మిల్లీగ్రాముల రేకుల్లో ఒకటి లేదు. దానికి బదులుగా 100, 50, 20, 20, 10 రేకులను కలిపి వాడవచ్చని లెక్క చెప్పింది పిల్లలే.

కింది మరలు తిప్పి, దారానికి వేలాడే తూకపు గుండు సరిగ్గా కింది మొనకు ఎదురుగా వచ్చేలా పెట్టెను సమతలం చేశాము. ఖాళీ పళ్లేలతో దండాన్ని పైకి లేపగానే ముల్లు ఒక పక్కకే వాలింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అటెండరుగారు, "ఈ త్రాసుకు పాసంగం కావాలండీ" అన్నారు. సంతలో వంగిన తక్కెడను సరిచేయడానికి రెండో వైపు వేసే చిన్న బరువును సూచించే ఆ మాట పిల్లల్లో సగం మందికి తెలియదు. ఈ తులలో పాసంగం పనిని దండం రెండు చివరలా ఉన్న చిన్న మరలు చేస్తాయని చూపించి, వాటిని కొద్ది కొద్దిగా తిప్పాము.

ముల్లు ఆగేదాకా కాచుకుని కూర్చోవడం తప్పు అని పిల్లలకు నమ్మకం కలిగించడానికి ఒక పూట పట్టింది. ముల్లు ఊగుతూ ఉండగానే ఎడమ వైపు మూడు, కుడి వైపు రెండు మలుపుల స్థానాలు చదవాలి. మాకు ఎడమన 4.0, 4.4, 4.8, కుడిన 15.6, 15.2 వచ్చాయి. ఎడమ సగటు 4.4, కుడి సగటు 15.4, ఆ రెండింటి సగటు 9.9. స్కేలు మధ్యన ఉన్నది 10 కదా, అక్కడికి తేవద్దా అని అడిగారు. ముల్లు మధ్యనే నిలవాలన్న నియమం ఏదీ లేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ నిలిచిందో, వస్తువును, రాళ్లను పెట్టిన తర్వాతా అక్కడికే రావాలి, అంతే. 10 మిల్లీగ్రాముల రేకు వేసి చూస్తే ముల్లు స్థానం రెండు గీతలు జరిగింది, అంటే ఒక్కో గీత 5 మిల్లీగ్రాములకు సమానం. అంతవరకు 5 గ్రాముల గీతలతో తూచిన మాకు ఇది వెయ్యి రెట్లు సూక్ష్మమైన చూపు.

రాళ్లను చేత్తో ముట్టకుండా శ్రావణంతోనే పట్టాలని, రాయి వేసే ప్రతిసారీ దండాన్ని దించాలని చెప్పి, అసలు ప్రయోగం మొదలుపెట్టాము. పళ్లెం మీది తీగ చట్రంలో ఇమడాలి కనుక 50 మిల్లీలీటర్ల కుప్పె తీసుకుని, అందులో 25 మిల్లీలీటర్ల వినెగర్ పోసి, బూరలో ఒక గ్రాము సోడా వేశాము. చర్యకు ముందు 63.42 గ్రాములు. బూర ఉబ్బి, నురగ అణిగాక తూస్తే 63.13 గ్రాములు. 290 మిల్లీగ్రాములు మాయమయ్యాయి.

తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. "మరి నియమం తప్పా సార్?" అన్నాడొకడు. బూర మూతి దగ్గర గాలి కారుతోందని నేను వెంటనే అనేశాను. రబ్బరు బ్యాండు బిగించి, సబ్బునీళ్లు రాసి చూస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ తూచినా 63.13 గ్రాములే వచ్చింది. కారుతున్నదైతే తరుగు పెరుగుతూ పోవాలి. ఇక్కడ తరుగు వచ్చిన చోటే ఆగిపోయింది.

అప్పుడు వెనుక బెంచీలోని ఒక అమ్మాయి, "బూర పైకి లాగుతోందేమో సార్" అంది. కార్బన్ డయాక్సైడు గాలి కంటే బరువైనదమ్మా, అది పైకి ఎలా లాగుతుందని నేను ఆమె మాటను కొట్టిపారేశాను. సిగ్గుపడవలసిన విషయం ఏమిటంటే, అదే ఏడాది అదే తరగతికి ఆర్కిమెడిస్ సూత్రం చెప్పినవాణ్ని నేనే. వాయువు బరువా, తేలికా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. దాని ద్రవ్యరాశి సోడాలోను, వినెగర్‌లోను ఉన్నప్పుడే తూకంలోకి వచ్చేసింది. చర్య తర్వాత కొత్తగా జరిగింది ఒక్కటే: ఉబ్బిన బూర తన ఘనపరిమాణం మేరకు బయటి గాలిని పక్కకు నెట్టింది, ఆ గాలి బరువెంతో అంత ఉత్ప్లవన బలం, అంటే పైకి నెట్టే బలం, బూర మీద పనిచేసింది.

మరునాడు తరగతిలో ఆ అమ్మాయితో ముందు క్షమాపణ చెప్పుకుని, మళ్లీ ఒక బూరను అలాగే ఉబ్బించి, దాని చుట్టుకొలతను దారంతో కొలిపించాను. 25 సెంటీమీటర్లు వచ్చింది. గోళం అనుకుంటే ఘనపరిమాణం సుమారు 264 ఘనపు సెంటీమీటర్లు. మా ఊరి ఎండలో గాలి సాంద్రత లీటరుకు ఇంచుమించు 1.17 గ్రాములు, కాబట్టి పక్కకు నెట్టబడిన గాలి సుమారు 309 మిల్లీగ్రాములు. మేము పోగొట్టుకున్నది 290. బూర పూర్తిగా గుండ్రంగా ఉండదు కాబట్టి ఆ తేడా నన్ను ఆశ్చర్యపరచలేదు; నిజానికి అంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలేదు.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ 1789లో ప్రచురించిన తన గ్రంథంలో ద్రవ్యనిత్యత్వ నియమాన్ని చెప్పింది కూడా వాయువు వెలువడే చర్య సందర్భంలోనే, ద్రాక్షరసం పులియడాన్ని వివరించే చోట. మాకూ కావలసింది మూసి ఉండి, ఉబ్బని పాత్ర. అందుకు కూల్‌డ్రింకుల చిన్న ప్లాస్టిక్ సీసా సరిపోయింది. అది లోపలి పీడనాన్ని తట్టుకోవడానికే తయారైనది. నీళ్ల సీసా మాత్రం ఇందుకు పనికిరాదు, గ్రాముకు మించి సోడా వేయకూడదు. వినెగర్ ఉన్న సీసాలో సోడా నింపిన చిన్న పరీక్షనాళికను నిలువుగా దించి, మూత బిగించి తూస్తే 48.61 గ్రాములు. సీసాను వంచాక సోడా కలిసి బుసబుసమంది, సీసా గట్టిపడింది. మళ్లీ తూస్తే ముల్లు స్థానంలో వచ్చిన మార్పు ఒక గీత కూడా లేదు.

అప్పుడు మూత తిప్పాము. వాయువు బుస్సుమని పోయింది, తూకం 380 మిల్లీగ్రాములు తగ్గింది. ఒక గ్రాము సోడా నుంచి 520 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడు రావాలి కదా, మిగిలినది ఏమైందని అడిగారు. కొంత వినెగర్‌లో కరిగి ఉంది, కొంత సీసాలోనే ఉండిపోయింది, పోయినదానిలో మామూలు గాలి కూడా కలిసే పోయిందని చెప్పాను. అయితే సీసాను రాత్రంతా తెరిచి ఉంచి రేపు తూస్తామన్నారు. వినెగర్ కూడా ఆవిరవుతుందని నేను చెప్పబోయేలోగా, వెనుక బెంచీ అమ్మాయి అలాంటిదే రెండో సీసా తెచ్చి, అందులో వట్టి వినెగర్ పోసి, తూచి, మొదటిదాని పక్కన పెట్టింది.